మిషనుకు చెప్పిన బరువు

"మీ చెల్లెలికి మీరు విషం పెట్టారా, లేదా? సూటిగా చెప్పండి."

పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చున్న ఆవిడ దిగ్గున తలెత్తింది. తన్ను కాపాడమని తానే కబురు పెట్టి పిలిపించుకున్న మనిషి వచ్చీ రాగానే ఇంత మాట అడుగుతాడని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

ఆయన తీరే అంత. ఆయన్ని అందరూ జిగురు అంటారు. పోలీసు ఉద్యోగంలో ఉండగా పడిన పేరది, పట్టుకుంటే వదలడని. ఉద్యోగం వదిలేసి తొమ్మిదేళ్ళయినా పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటున్నాడు. వయసు యాభై ఏడు. పొట్ట ఆ వయసుకు తగ్గట్టు, నోరు ఆ వయసుకు మించి చేదు.

"పెట్టలేదు అన్నయ్యగారూ," అంది ఆవిడ. "అది నా చేతుల్లో పెరిగింది. దానికి నేను విషం పెడతానా?"

"చేతుల్లో పెంచి పెట్టినవాళ్ళ కేసులు నాలుగు చూశాను. కషాయం ఇచ్చారా?"

"ఇచ్చాను. ఏప్రిల్ మొదటివారం నుంచి, పొద్దున్నే అరగ్లాసు. దానితోపాటు నేనూ తాగాను. నాకేం కాలేదు."

"ఎందుకిచ్చారు?"

"తిండి సయించట్లేదంది. నీరసమంది. ఆస్పత్రిలో అడిగితే లివరు బంగారంలా ఉంది, నీకేం రోగం లేదు పొమ్మన్నారు. రోగమే లేదన్నాక నేనింకేం చెయ్యను? తెలిసిన కషాయం కాచిపోశాను."

సంగతిది. ఈవిడది ఇస్త్రీ కొట్టు, పక్కనే చెల్లెలి కుట్టుకొట్టు. ఆ చెల్లెలు, అంటే దర్జీ, ఒకప్పుడు నూట ఇరవై కిలోల మనిషి. లివరు నిండా కొవ్వు. రెండేళ్ళ కిందట మంచి పేరున్న ఆస్పత్రిలో బరువు తగ్గే ఆపరేషను చేయించుకుంది. బరువు తగ్గితే లివరులో కొవ్వూ తగ్గుతుంది, ఆర్నెల్లకోసారి స్కాను తీసి చూస్తూ ఉంటాం అని చెప్పారు. ఫైలు ప్రకారం నాలుగు స్కానులు తీశారు. కొవ్వు తగ్గుతూనే వచ్చింది. ఈ మార్చి పదకొండున తీసిన నాలుగోదాంట్లో నూటికి మూడు పాళ్ళే ఉంది, అంటే ఏ జబ్బూ లేని మనిషికి ఉన్నంత. జూన్ రెండున దర్జీ చచ్చిపోయింది, లివరు పూర్తిగా చెడిపోయి.

మార్చిలో బంగారంలా ఉన్న లివరు జూన్‌కల్లా ఎలా చెడింది? మధ్యలో కొత్తగా కడుపులోకి పోయింది అక్క కషాయం ఒక్కటే. ఆస్పత్రి పెద్ద డాక్టరు ఇదే రాసిచ్చాడు, పోలీసులు కళ్ళకద్దుకుని తీసుకున్నారు. మధ్యాహ్నం రెండు గంటలకు ఇస్త్రీ అక్కను కోర్టులో హాజరుపరుస్తారు. ఇప్పుడు టైము పదకొండూ నలభై.

"మార్చి పదకొండున ఆస్పత్రికి తనతో ఎవరు వెళ్ళారు?"

"నేనే. రక్తం తీసుకున్నారు, బరువు చూశారు. గంటసేపు కూర్చోబెట్టి, స్కాను మిషను పాడైందమ్మా, మళ్ళీ పిలుస్తాం వెళ్ళండి అంది అక్కడి ఫోను మేడమ్. పదకొండుకల్లా వచ్చి కొట్లు తెరుచుకున్నాం."

"మళ్ళీ పిలిచారా?"

"లేదు. రెండ్రోజులకు ఫోనొచ్చింది. ఇంక రానక్కర్లేదు, అంతా చూశాం, లివరు బాగుంది అన్నారు. ఆ రోజు అది ఎంత సంతోషపడిందో! తనకోసం కొత్త గౌను కూడా కత్తిరించుకుంది."

జిగురు ఫైల్లో ఆ తారీఖు కాగితం తీశాడు. స్కాను తీసిన టైము మధ్యాహ్నం ఒంటిగంటా పదిహేను. మిషను పాడై, మనిషి ఇంటికి పోయిన రెండు గంటలకు ఆ మనిషి లివరు ఫొటో వచ్చింది! ఏం మహిమో.

"ఒళ్ళో అదేమిటి?"

"దాని కొలతల పుస్తకం."

అట్ట చిరిగిన పొడుగాటి పుస్తకం. ఊరందరి భుజాలు, నడుములు, చేతులు అందులో ఉన్నాయి. చివరి పేజీలో దర్జీ తన కొలతలే రాసుకుంది, ప్రతి నెలా ఒకటో తారీఖున. బరువు తగ్గుతున్న సంబరం కాబోలు. అక్టోబరులో చెయ్యి పధ్నాలుగు అంగుళాలు, నడుము ముప్ఫై ఎనిమిది. జనవరిలో చెయ్యి పన్నెండు, నడుము ముప్ఫై తొమ్మిదిన్నర. మార్చిలో చెయ్యి పదిన్నర, నడుము నలభై రెండు.

జిగురు ఆ పేజీ మీద వేలుపెట్టి అంకెలు మళ్ళీ చదివాడు. చెయ్యి చిక్కుతూ నడుము పెరగడం కొవ్వు కాదు. పొట్టలో నీరు చేరుతోంది. లివరు చెడ్డప్పుడే అలా చేరుతుంది. అదీ అక్క కషాయం కాచడానికి ముందే, జనవరి నుంచే.

"గురువుగారికి దండాలు!" వెనకనించి గొంతు వినిపించింది. "కుట్టుపని నేర్చుకుంటున్నారా?"

ఇన్‌స్పెక్టరు. ఒకప్పుడు జిగురు కిందే పనిచేసినవాడు. తొమ్మిదేళ్ళ కిందట ఒక కాపలాదారు మీద కేసు పెట్టి, డాక్టరిచ్చిన కాగితం నమ్మి జైలుకు పంపింది జిగురు. ఆ ఫైలు టైపు చేసింది వీడు. కాగితం తప్పని తేలేసరికి కాపలాదారు జైల్లోనే పోయాడు. జిగురు ఉద్యోగానికి దండం పెట్టి బయటికొచ్చాడు. వీడు పైకొచ్చాడు.

"నువ్వీ పేజీ చూశావా?" అన్నాడు జిగురు.

"చూశాను. మళ్ళీ లావెక్కింది. తిండి దగ్గర అదుపు లేకపోతే అంతే."

"చేతులు చిక్కి నడుమొక్కటే లావెక్కుతుందా? మార్చి స్కాను టైముకి దర్జీ ఆస్పత్రిలోనే లేదు. మిషను పాడైందని పంపేశారు."

"ఎవరు చెప్పారు? ముద్దాయి!" ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "గురువుగారూ, ఆ ఫైలు నాకు తెచ్చిచ్చింది ఎవరో తెలుసా? మా ఆవిడ. ఆ ఆస్పత్రిలో పేషెంట్లకు ఫోన్లు చేసి రప్పించేది తనే. నా ఇంటి మనిషిని కూడా అనుమానించమంటారా?"

"ఇంటి మనిషి తెచ్చినా కాగితం కాగితమే."

"ఆ ఆస్పత్రి గాలి తగిలి మా ఆవిడ కూడా ఏ ఆపరేషనూ లేకుండా మల్లెతీగలా తయారైంది. అంత మంచి ఆస్పత్రి!" వాచీ చూసుకున్నాడు. "రెండింటికి కోర్టు. ఈలోపు ఏం పీకుతారో పీకండి. పాత గురువు కదా, కాదనను."

జిగురుకు ఒళ్ళు మండింది. అయినా నోరు మూసుకుని, ఇస్త్రీ అక్క చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. చనిపోయిన చెల్లెలి స్కాను ఫొటోలన్నీ ఇతనికి చూపించవలసిందని.

"అన్నయ్యగారూ," అంది ఆవిడ, కొలతల పుస్తకం ఆయన చేతిలో పెడుతూ. "నన్ను జైల్లో పెడితే పెట్టనీండి. కానీ అక్కే చంపిందని దాని పేరు పక్కన రాయనివ్వకండి."

* * *

ఆస్పత్రి వరండాలో పన్నెండూ ఇరవైకి ఒక భారీ మనిషి కర్ర పట్టుకుని గొణుక్కుంటూ ఎదురొచ్చాడు. "ఇంత దూరం రప్పించి మిషను పాడైందట. వీళ్ళ మిషను మండ!"

జిగురు ఆగిపోయాడు. "స్కానుకొచ్చారా బాబాయ్?"

"ఆపరేషనయి ఏడాదిన్నర. రక్తం పొద్దున్నే లాగేశారు. స్కాను మాత్రం తరవాతట."

లోపల బల్ల దగ్గర లేత నీలం కోటులో ఫోను మేడమ్. ఇన్‌స్పెక్టరు భార్య. చిక్కి సగమైన ముఖం, కోటు భుజాలు జారిపోతున్నాయి, వాచీ మణికట్టు మీద నిలవక మోచేతి దాకా పోతోంది. అయినా నవ్వుతూనే పలకరించింది. ఆవిడ నవ్వులో కల్మషం కనబడలేదు, అదే జిగురుకు చిరాకేసింది. దొంగల ముఖాలు చదవడం ఆయనకు తెలుసు. ఇది దొంగ ముఖం కాదు.

ఉత్తరం చదివి, "రికార్డుల గదిలో కూర్చోండి, తెప్పిస్తాను," అంది. తరవాత ఆయన పొట్ట చూసి నవ్వాపుకుంది. "మీరూ ఒకసారి బరువు చూసుకోకూడదూ?"

"నా లివరు కూడా కొవ్వేనని చెప్పాడు మా డాక్టరు. రెండోసారి ఎందుకు బాధపడటం?"

"ఊరికే చూస్తే ఏం పోయింది? ఉండండి, తూకం మిషను సరిగా ఉందో లేదో." అలవాటుగా ముందు తనే ఎక్కి దిగింది. "నలభై తొమ్మిది. సరిగ్గానే ఉంది. రండి."

జిగురు తొంభై నాలుగు తూగాడు. సిగ్గుపడి దిగాడు. ఆవిడ చూపించిన రికార్డుల గది వైపు నాలుగడుగులు వేసి, మలుపు తిరగ్గానే స్కాను గది వైపు మళ్ళాడు.

స్కాను గది రెండు భాగాలు. లోపలి గదిలో పెద్ద సొరంగంలాంటి మిషను, దాని ముందు పేషెంటు పడుకునే బల్ల. ఇవతల చీకటిగా చిన్న గది, తెరలు, మీటలు, మైకు. మధ్యలో మందపాటి అద్దం. లోపలి వెలుతురు అద్దం మీద పడటంవల్ల అటునుంచి ఇటు కనబడదు. పేషెంట్లు బట్టలు మార్చుకుని వేరే తలుపు నుంచి సరాసరి లోపలికి వస్తారు. జిగురు వెళ్ళేసరికి మిషను చక్కగా చప్పుడు చేస్తూ ఒక ముసలాయన మోకాలి ఫొటో తీస్తోంది.

పాడైన మిషను!

టెక్నీషియన్ను అందరూ ఊపిరాయన అంటారు. రోజంతా మైకులో "ఊపిరి బిగబట్టండి, వదలండి" అనడమే ఆయన పని. బట్టతల, మెత్తటి మాట. సంతకమున్న ఉత్తరం చూసి కాస్త తటపటాయించాడు గాని, ఎదుటివాడు మర్యాదగా అడిగితే కాదనలేని రకం.

మోకాలాయన వెళ్ళేదాకా ఆగి జిగురు కుర్చీ లాక్కున్నాడు. "మీ పని చూస్తే ముచ్చటేస్తోందండీ. నన్ను ఇందులో పడుకోబెట్టాలంటే ముందు ఏం చేస్తారు?"

"లోహం ఉందా అని అడుగుతాను. తరవాత బరువు."

"బరువెందుకు?"

"అది కొట్టకపోతే మిషను మొదలవదు. బరువును బట్టే లోపలికి ఎంత శక్తి పంపాలో లెక్క వేసుకుంటుంది. ఎక్కువ పంపితే మనిషి ఒళ్ళు వేడెక్కుతుంది. అందుకని అందులో తప్పు చెప్పకూడదు."

"ఎప్పుడైనా పొరపాటున తప్పు కొట్టారా?"

ఊపిరాయన ఛాతీ విరిచాడు. "పదహారేళ్ళలో ఒక్కసారి లేదు. లోపల పడుకున్న మనిషి బరువు లోపల పడుకున్న మనిషిదే ఉండాలి. దాంట్లో నేను ఎవడి మాటా వినను."

"శభాష్! అలా ఉండాలి మనిషంటే." జిగురు తెర దగ్గరికి జరిగాడు. "మా దర్జీ రెండో స్కాను తీయండి. ఈ పొట్ట దగ్గర నల్లచుక్కల వరసేమిటి?"

"ఆపరేషనులో పొట్టకు వేసిన పిన్నులు. సన్నటి లోహం. అవి మనిషి ఉన్నంతకాలం ఉంటాయి."

"మార్చి స్కాను తీయండి."

తీశాడు. కొవ్వు లేని చక్కటి లివరు. పక్కన పొట్ట. నల్లచుక్కలు లేవు. ఒక్కటీ లేదు.

"ఉన్నంతకాలం ఉంటాయన్నారుగా?"

ఊపిరాయన తెర వెలుగు పెంచి, తగ్గించాడు. "ఒక్కోసారి... కనబడవు."

"సరే, కనబడవు. మార్చి పదకొండున మీరు మిషనుకు చెప్పిన దర్జీ బరువెంతో చూపించండి. పదహారేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు కొట్టలేదుగా మీరు."

ఊపిరాయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. జిగురే తానుగా బాణం గుర్తు జరిపి నొక్కాడు. యాభై రెండు కిలోలు. ఫైల్లో అదే రోజు పొద్దున ఇదే ఆస్పత్రి తూకంలో దర్జీ ఎనభై నాలుగు.

"ఒక్క పూటలో ముప్ఫై రెండు కిలోలు! ఇంత గొప్ప ఆస్పత్రి అయితే నేనే చేరతాను." జిగురు గొంతు మారింది. "దర్జీ అక్క ఇప్పుడు స్టేషన్లో ఉంది. రెండింటికి హత్య కేసు. ఈ ఫొటో ఒక్కటే సాక్ష్యం. మీకు మీ మిషను మీదున్న భక్తి మనిషి మీద ఉందో లేదో చెప్పండి."

ఊపిరాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

"పెద్ద డాక్టరు చీటీ పంపేవారు," అన్నాడు మెల్లగా. "తన దగ్గర ఆపరేషనయినవాళ్ళలో నూటికి తొంభైమంది లివర్లు బాగుపడ్డాయని ఆయన సభల్లో చూపిస్తారు. అందరికీ బాగుపడవు కదండీ. కొందరికి తిండి సరిగా ఒంటపట్టక ఉన్న లివరు కూడా చెడుతుంది. అది పట్టుకోడానికే స్కానులు. పొద్దున్నే రక్తం తీస్తాం. అది చెడ్డగా వస్తే ఆ పేషెంటుకు మిషను పాడైందని చెప్పి పంపేస్తారు. భోజనాల టైములో, ఇక్కడ ఎవరూ లేనప్పుడు, ఇంకో మనిషిని పడుకోబెట్టి అదే పేరు మీద తీస్తాను."

"మీకు సిగ్గెయ్యలేదా?"

"వేసింది. కాదంటే రేపు ఈ కుర్చీలో ఇంకొకడుంటాడు అన్నారు. నోరు మూసుకున్నాను."

"ఇలాంటివెన్ని?"

"లెక్క పెట్టలేదు."

"ఇప్పుడు పెడదాం. ఒంటిగంటకీ రెండింటికీ మధ్య తీసిన లివరు స్కానులన్నీ తీయండి. పక్కపక్కనే పెట్టండి."

పదకొండు వచ్చాయి. పదిహేను నెలల్లో పదకొండు. పదకొండు వేర్వేరు పేర్లు. జిగురు బరువులు ఒక్కొక్కటే చదివాడు. అరవై ఒకటి. అరవై. యాభై ఎనిమిది. అలా దిగుతూ దిగుతూ, మార్చిలో దర్జీ పేరు మీద యాభై రెండు. మే ఇరవైన ఆఖరుది, యాభై ఒకటి.

"అన్నిటికీ ఒకే మనిషా?"

ఊపిరాయన తెరకు మొహం ఆనించి చూస్తున్నాడు.

"ఏమిటి?"

"ఇది... ఈ మచ్చ." వేలుతో చూపించాడు. మొదటి ఫొటోలో లివరు కుడివైపు మిరియపు గింజంత మచ్చ. నాలుగోదాంట్లో బఠాణీ గింజంత. దర్జీ పేరున్నదాంట్లో నిమ్మకాయలో సగం. ఆఖరుదాంట్లో నిమ్మకాయంత. "మొదట ఆరు మిల్లీమీటర్లు. ఇప్పుడు నలభై ఒకటి."

"నువ్వు చూడలేదా ఇన్నాళ్ళూ?"

"నేను తీస్తానండీ, చదవను. ఒక్కో ఫొటోలో ఒక మచ్చ కనబడుతుంది. మచ్చలు చాలామందికుంటాయి. పాత ఫొటో పక్కన పెడితేనే అది పెరుగుతోందని తెలిసేది. కానీ ప్రతిసారీ కొత్త పేరు. కొత్త పేరుకు పాత ఫొటో ఏదండీ?" తెర నుంచి వెనక్కి జరిగాడు. "పెద్ద డాక్టరు కొవ్వెంతో అంకె ఒక్కటే తీసుకుని మిగతాది చూడకుండా మూసేసేవారు."

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో జిగురు దొంగ సాక్షుల్ని చూశాడు, దొంగ సంతకాల్ని చూశాడు. అబద్ధం చెప్పడానికి పడుకున్న మనిషిని ఆ అబద్ధమే తినేస్తూ ఉండటం మాత్రం ఇదే చూడటం.

"ఎవరు పడుకున్నది?"

"చెప్పలేను. ఆ మనిషికి పాపం ఏమీ తెలీదు. మిషను సరిచూసుకోడానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కావాలి, దీంట్లో ఏ హానీ లేదు, ఇరవై నిమిషాలు పడుకుంటే చాలు అని పెద్ద డాక్టరు చెప్పారు. నమ్మింది."

నమ్మింది. ఆడమనిషి. మేలో యాభై ఒకటి. ఇవాళ ఇంకా తగ్గి ఉంటుంది. జిగురుకు ఇందాక తూకం మీద ఎక్కి దిగిన మనిషి నవ్వు గుర్తొచ్చింది.

అప్పుడే తలుపు ధడాలున తెరుచుకుంది.

"రికార్డుల గదిలో కూర్చోమంటే ఇక్కడ దూరారా?" ఇన్‌స్పెక్టరు. వెనక కాపలావాడు. "ఆస్పత్రివాళ్ళు ఫోను చేస్తే వచ్చాను. ఒంటిగంటా ఏడు. మీ ఆట అయిపోయింది గురువుగారూ, లేవండి."

"కాపలావాణ్ణి పంపించి తలుపు వెయ్యి."

"నన్ను ఆర్డరు చేసే రోజులు..."

"వెయ్యమన్నానా!"

ఆ గొంతు తొమ్మిదేళ్ళ కిందటిది. ఇన్‌స్పెక్టరు అసంకల్పితంగా తలుపు వేశాడు.

జిగురు చుక్కల సంగతి చెప్పాడు. బరువుల సంగతి, పెరుగుతున్న మచ్చ సంగతి చెప్పాడు. చీటీల సంగతి ఊపిరాయన చేత చెప్పించాడు. కొలతల పుస్తకం తీసి పక్కన పెట్టాడు. ఇన్‌స్పెక్టరు తెలివితక్కువవాడేం కాదు. రెండు ప్రశ్నలు అడిగాడు, మూడోది అడగలేదు. ముఖం మాడిపోయింది. ఫోను తీసి స్టేషనుకు చేశాడు.

"ఆ ఇస్త్రీ ఆవిడను... ఆఁ, ఇంటికి పంపించెయ్యండి. కోర్టు లేదు. ఒకసారి ఆవిడకివ్వండి." ఫోను జిగురు చేతిలో పెట్టాడు, తాను మాట్లాడలేక.

"అమ్మా, మీరు ఇంటికెళ్ళండి. కషాయం వల్ల కాదు. జనవరి నుంచే లివరు చెడుతోంది. వీళ్ళకు మార్చిలోనే తెలుసు."

"అయితే మార్చిలో చెప్పి ఉంటే నా చెల్లెలు బతికేదా అన్నయ్యగారూ?"

జిగురు కొలతల పుస్తకం మూశాడు. ఫోను పెట్టేశాడు.

"ఇంకా పదిమంది ఉన్నారు," అన్నాడు ఊపిరాయనతో, కసిగా. "రక్తం చెడ్డగా వచ్చి, బాగున్నామనుకుంటూ ఇళ్ళల్లో తిరుగుతున్నవాళ్ళు. ఇందాక కర్ర పట్టుకుని వెళ్ళినాయన్ని కలిపితే పదకొండు. సాయంత్రంలోగా అందరికీ ఫోను వెళ్ళాలి."

"ముందు నాకు ఇది చెప్పండి," ఇన్‌స్పెక్టరు బల్ల మీద గుద్దాడు. పరువు పోయిన మంటంతా ఎవరి మీదో ఒకరి మీద కక్కాలి కదా. "పెద్ద డాక్టరు సంగతి నేను చూసుకుంటాను. పేరు మార్చుకుని ఇక్కడ పదకొండుసార్లు పడుకున్నది ఎవరు? తెలిసి చేసినా తెలియక చేసినా నాకనవసరం. జుట్టు పట్టుకుని ఈడ్చుకెళతాను. ఎవరది?"

తొమ్మిదేళ్ళుగా జిగురు ఈ మనిషి తల వంగడం చూడాలని కాచుకుని ఉన్నాడు. ఇప్పుడు ఒక్క మాట చాలు.

"ముందు కూర్చోరా," అన్నాడు.

"కూర్చోవడం కాదు, పేరు చెప్పండి!"

అద్దం అవతల తలుపు కదిలింది. పేషెంటు గౌనులో ఒక సన్నటి ఆడమనిషి లోపలికొచ్చింది. వాచీ లేదు, మెడలో ఏమీ లేదు, జుట్టు పిన్నులు తీసేసి వదులుగా ముడేసుకుంది. ఎవరూ చెప్పకుండానే, సొంత మంచం ఎక్కినట్టు బల్ల ఎక్కి వెల్లకిలా పడుకుంది. గౌను మెడ దగ్గర ఎముకలు తేలి కనబడుతున్నాయి. గోడ గడియారం ఒంటిగంటా పదిహేను చూపిస్తోంది.

తెర పక్కనున్న స్పీకర్లోంచి గొంతు వచ్చింది. "మొదలెట్టండి, ఇవాళ కాస్త తొందరగా కానిద్దాం. మా ఆయన రెండింటికి కోర్టుకెళ్ళాలి, ఈలోపు భోజనానికి వస్తారేమో. బరువు నలభై తొమ్మిది, రాసుకోండి. పోయినసారి కంటే ఇంకో రెండు తగ్గాను!"

ఆ ఆఖరి మాటలో ఎంత సంబరమో.

ఇన్‌స్పెక్టరు అద్దం వంక చూశాడు. తెర మీద పదకొండు ఫొటోల వంక చూశాడు. మొదటిదాని నుంచి ఆఖరుదాని దాకా ఆ మచ్చ వెంట ఆయన కళ్ళు మెల్లగా నడిచాయి. చెయ్యి గాల్లో దేనికోసమో వెతికింది. జిగురు కుర్చీ దాని కిందికి జరిపాడు.

"గురువుగారూ," అన్నాడు. "మల్లెతీగ అన్నాను పొద్దున. నేనే అన్నాను."

"హలో? ఉన్నారా?" అంది స్పీకరు.

ఊపిరాయన ఏడుస్తున్నాడు. "ఏం చెయ్యమంటారు? లేచి రమ్మని చెప్పనా?"

"వద్దు," అన్నాడు జిగురు. "తియ్యి. ఈసారి ఆవిడ పేరు మీద తియ్యి."

పేరు రాసే గడిలో ఇందాక కర్రతో వెళ్ళిపోయినాయన పేరు అప్పటికే ఉంది. ఊపిరాయన దాన్ని ఒక్కో అక్షరమే చెరిపాడు. ఖాళీ అయ్యాక, పదహారేళ్ళ అలవాటుకొద్దీ అడిగాడు. "పేరు?"

ఇన్‌స్పెక్టరు తన భార్య పేరు చెప్పాడు. మొదటిసారి ఎవరికీ వినపడలేదు. రెండోసారి చెప్పాడు.

ఊపిరాయన మైకు నొక్కాడు.

"ఊపిరి బిగబట్టండి మేడమ్," అన్నాడు.